పింగ్‌లో నష్టం సున్నా, డౌన్‌లోడ్ మాత్రం నత్తనడక: ఖండాంతర లింకులో ప్యాకెట్లు ఎక్కడ పడిపోతున్నాయి?

దూరతీరం | సోమవారం, ఉదయం 10:12

మా కార్యాలయానికీ, వేరే ఖండంలోని డేటా సెంటర్‌లో మేము అద్దెకు తీసుకున్న సర్వర్‌కూ మధ్య మూడు వారాలుగా ఒక ఇబ్బంది నడుస్తోంది. రాకపోకల సమయం 160 మిల్లీసెకన్లు. అది ఎప్పుడూ అంతే, కొత్తగా పెరగలేదు. కానీ సర్వర్ నుంచి పెద్ద ఫైళ్ళు దించుకుంటున్నప్పుడు ఒక్కోసారి వేగం దాదాపు ఆగిపోయేంతగా పడిపోతోంది. విసుగొచ్చి ఆపేసి మళ్ళీ మొదలుపెడితే చాలాసార్లు మామూలు వేగం వచ్చేస్తోంది. పగలూ రాత్రీ తేడా ఏమీ కనిపించలేదు.

దారిలోని ఒక్కో రౌటర్‌కు ప్రశ్నలు పంపి, జవాబు రానివాటిని నష్టంగా చూపే ఎంటీఆర్ అనే పరికరాన్ని నడిపి చూశాను. మొత్తం 15 హాప్‌లు, అంటే దారిలోని మజిలీలు. ఒకటి నుంచి ఎనిమిది వరకు నష్టం లేదు, తొమ్మిదో హాప్ దగ్గర 12 శాతం, పది నుంచి పద్నాలుగు వరకు సున్నా, చివరి సర్వర్ దగ్గర కూడా సున్నా. ఈ ఫలితం జతచేసి మా ఐఎస్‌పీకి (ఇంటర్నెట్ సేవ ఇచ్చే సంస్థకు) నాలుగుసార్లు ఫిర్యాదు చేశాను. ప్రతిసారీ వాళ్ళు సర్వర్‌కు వంద పింగ్‌లు (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న పరీక్ష ప్యాకెట్లు) పంపి, "నష్టం లేదు" అని రాసి టికెట్ మూసేస్తున్నారు. తొమ్మిదో హాప్ దగ్గర లోపం ఉందని వారి చేత ఒప్పించేదెలాగో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సరళరేఖ | సోమవారం, ఉదయం 10:47

ఇందులో ఒప్పించాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు. ఎనిమిదో హాప్ వరకు సున్నా ఉండి తొమ్మిదో దగ్గర 12 శాతం కనిపిస్తోందంటే లోపం ఆ రెండింటి మధ్యే ఉన్నట్టు. ఆ రౌటర్ ఐపీ చిరునామా ఏ సంస్థదో చూసి, ఐఎస్‌పీని పక్కన పెట్టి నేరుగా ఆ సంస్థకే రాయండి.

మూడోజాము | సోమవారం, మధ్యాహ్నం 1:05

సరళరేఖ గారితో నేను ఏకీభవించలేను. నెట్‌వర్క్ ఆపరేషన్స్‌లో రాత్రి డ్యూటీలు చేసిన కాలంలో ఈ వాదనతో వచ్చిన టికెట్లు ఎన్ని చూశానో లెక్క లేదు. వాటిలో నిజమైన లోపాన్ని పట్టిచ్చినవి చాలా అరుదు.

ఎంటీఆర్ ఎలా పనిచేస్తుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఎన్ని హాప్‌లు బతకాలో చెప్పే టీటీఎల్ విలువ 9 పెట్టి పంపిన ప్యాకెట్ తొమ్మిదో రౌటర్ దగ్గర గడువు తీరి చనిపోతుంది. అప్పుడు ఆ రౌటర్ "గడువు తీరింది" అనే ఐసీఎంపీ (నెట్‌వర్క్ పరికరాలు లోపాలు, సమాచారం చెప్పుకునే ప్రోటోకాల్) జవాబును తయారుచేసి మనకు పంపాలి. మామూలు ప్యాకెట్లను ముందుకు నెట్టే పని చిప్‌లోనే జరిగిపోతుంది. ఈ జవాబు రాసే పని మాత్రం చాలా రౌటర్లలో రౌటర్‌ను నడిపించే కంట్రోల్ ప్లేన్ ప్రాసెసర్ మీద పడుతుంది. నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ సెషన్లను కాపాడుకోవలసిన ప్రాసెసర్ కాబట్టి, ఇలాంటి జవాబులకు సెకనుకు ఇన్నే అని పరిమితి పెడతారు. పరిమితి దాటిన ప్రశ్నలకు జవాబు ఉండదు. అవే మీకు 12 శాతంగా కనిపిస్తున్నాయి. గేటు దగ్గర మనిషి బండ్లన్నింటినీ ఆపకుండా పోనిస్తూ, దారి అడిగినవాళ్ళలో కొందరికి మాత్రం బదులు చెప్పనంత మాత్రాన రోడ్డు మూసుకుపోయిందని అనలేం కదా.

తొమ్మిదో హాప్‌లో 12 శాతం ప్యాకెట్లు నిజంగా పడిపోతూ ఉంటే, పది నుంచి పదిహేను వరకు హాప్‌లకు వెళ్ళే ప్రశ్నలు కూడా ఆ రౌటర్ గుండానే వెళ్ళాలి కనుక వాటిలోనూ కనీసం అంత నష్టం కనిపించాలి. ఒక హాప్ దగ్గర మొదలై చివరిదాకా కొనసాగే నష్టం గురించే ఆలోచించాలి. మధ్యలో మొదలై మధ్యలోనే మాయమయ్యేదాన్ని పట్టించుకోనక్కరలేదు.

సరళరేఖ | సోమవారం, మధ్యాహ్నం 1:31

ప్రాసెసర్ జవాబు ఇవ్వలేకపోతోందంటే ఆ రౌటర్ మీద భారం ఎక్కువగా ఉన్నట్టే కదా? పైగా చివర సున్నా కాబట్టి నష్టమే లేదని మీరంటే, దూరతీరం గారి ఫైళ్ళు ఎందుకు నత్తనడక నడుస్తున్నాయి?

మూడోజాము | సోమవారం, మధ్యాహ్నం 2:10

మొదటిదానికి జవాబు: పరిమితి అనేది ఎవరో రాసిపెట్టిన కాన్ఫిగరేషన్. రౌటర్ ఖాళీగా ఉన్నా అది అమలులోనే ఉంటుంది.

మీ రెండో ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న. నేను నష్టం లేదని అనడం లేదు. ఉన్న నష్టాన్ని ఈ పరికరం చూపించడం లేదంటున్నాను. దూరతీరం గారూ, మూడు సంగతులు చెప్పండి. సర్వర్‌కు ఫైళ్ళు ఎక్కించేటప్పుడు కూడా ఇలాగే జరుగుతుందా? ఒక డౌన్‌లోడ్ నెమ్మదిగా మొదలైతే చివరిదాకా అలాగే ఉంటుందా, మధ్యలో కోలుకుంటుందా? నెమ్మదించిన సమయంలో పింగ్ జాప్యం పెరుగుతుందా?

దూరతీరం | సోమవారం, సాయంత్రం 4:26

ఎక్కించే పని మాకు చాలా తక్కువ, అందువల్ల గమనించలేదు. నెమ్మదిగా మొదలైన డౌన్‌లోడ్ తనంతట తానుగా కోలుకోవడం నేను చూడలేదు. ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. జాప్యం 160 దగ్గరే ఉంటోంది, మహా అయితే ఒకటి రెండు మిల్లీసెకన్లు అటూ ఇటూ.

చిన్నప్రశ్న | సోమవారం, సాయంత్రం 5:02

ఈ రంగానికి నేను కొత్త. ఫైళ్ళను మోసే టీసీపీ ప్రోటోకాల్ పోయిన ప్యాకెట్లను మళ్ళీ పంపుతుంది కదా? నూటికి ఒక ప్యాకెట్ పోతే వేగం కూడా నూటికి ఒక వంతే తగ్గాలి. మరి ఇంత పెద్ద దెబ్బ ఎందుకు తగులుతుంది?

లెక్కలమారి | సోమవారం, రాత్రి 8:15

ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని సంప్రదాయ టీసీపీ అనుకుంటుంది. అందుకే పోయినదాన్ని మళ్ళీ పంపడంతో ఆగకుండా తన వేగాన్నీ తగ్గించుకుంటుంది. తగ్గించుకున్న వేగాన్ని తిరిగి పెంచుకోవడం ఒక్కో రాకపోకకు ఒక్కో మెట్టు చొప్పునే జరుగుతుంది. కాబట్టి దూరం ఎక్కువైన కొద్దీ కోలుకోవడం ఆలస్యమవుతుంది.

దీనికి 1997లో మాథిస్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక సూత్రం ఉంది. ఒక కనెక్షన్‌కు దక్కే గరిష్ఠ వేగం సెగ్మెంట్ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా) పరిమాణాన్ని రాకపోకల సమయంతో భాగించి, దాన్ని నష్టపు నిష్పత్తి వర్గమూలంతో మళ్ళీ భాగించి, సుమారు 1.22తో గుణిస్తే వస్తుంది. 1460 బైట్ల సెగ్మెంట్లు, 1 శాతం నష్టం తీసుకోండి. రాకపోకల సమయం 10 మిల్లీసెకన్లయితే సెకనుకు 14 మెగాబిట్ల దాకా వస్తుంది. అదే నష్టం 160 మిల్లీసెకన్ల దారిలో ఉంటే 0.9 మెగాబిట్ దగ్గర ఆగిపోతుంది. పక్క ఊరి సర్వర్‌తో ఎవరి కంటికీ ఆనని నష్టం ఖండాలు దాటేసరికి పెద్ద లోపంగా తేలడానికి కారణం ఇదే. ఈ సూత్రం పాత రెనో తరహా టీసీపీకి వర్తిస్తుంది. తరువాత వచ్చిన క్యూబిక్ తరహా దీనికంటే కొంత మెరుగు. 2016లో గూగుల్ వెలువరించిన బీబీఆర్ తరహా ఒక్కొక్క నష్టాన్నీ రద్దీగా భావించదు కనుక ఇంకా తట్టుకుంటుంది. సర్వర్‌లో బీబీఆర్ పెడితే లక్షణం తగ్గినా, లోపం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఐఎస్‌పీ వారి వంద పింగ్‌ల గురించి కూడా ఒక మాట. 'ఎన్' ప్రయత్నాల్లో ఒక్కటి కూడా విఫలం కాకపోతే, అసలు వైఫల్యపు రేటు 3ను 'ఎన్'తో భాగించినంత వరకు ఉండే అవకాశం ఉందని 95 శాతం నమ్మకంతో చెప్పే మోటు లెక్క ఒకటి సంఖ్యాశాస్త్రంలో ఉంది. ఆ లెక్కన వందకు వంద జవాబులు వచ్చినా అసలు నష్టం 3 శాతం దాకా ఉండవచ్చు. 1 శాతం లోపే ఉందని చెప్పాలంటే 300 పింగ్‌లు, 0.1 శాతం లోపే అనాలంటే 3,000 పింగ్‌లు సున్నా నష్టంతో రావాలి. వంద పింగ్‌లతో టికెట్ మూసేయడం తొందరపాటే.

పాతతీగ | సోమవారం, రాత్రి 10:40

సముద్రగర్భ కేబుళ్ళ ట్రాన్స్‌మిషన్ వైపు చాలాకాలం పనిచేసినవాడిగా నాలుగు మాటలు చెబుతాను. "అంతర్జాతీయ లింకు" అనగానే అందరి చూపూ సముద్రం మీదకే పోతుంది. కేబుల్ తెగితే దాని గుర్తులు వేరుగా ఉంటాయి. ఏడాదికి ప్రపంచం మొత్తం మీద 150 నుంచి 200 వరకు కేబుల్ లోపాలు నమోదవుతుంటాయి. వాటిలో ఎక్కువ భాగం చేపల వేట, ఓడల లంగర్ల వల్ల జరిగేవే. 2024 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో, ఆ తరువాతి నెలలో ఐవరీ కోస్ట్ తీరానికి దగ్గరలో ఒక్కసారిగా పలు కేబుళ్ళు తెగాయి. అలాంటప్పుడు ట్రాఫిక్ వేరే దారి పడుతుంది. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది కాబట్టి, చుట్టుదారి వల్ల పెరిగిన ప్రతి 1,000 కిలోమీటర్లకు రాకపోకల సమయం 10 మిల్లీసెకన్లు పెరుగుతుంది. జాప్యపు గ్రాఫ్ ఒక మెట్టులా పైకి లేచి అక్కడే నిలబడుతుంది. ఆ పైన, మిగిలిన కేబుళ్ళ మీద బరువు పెరిగి రద్దీ వేళల్లో ప్యాకెట్లు పడిపోవడం మొదలవుతుంది. దూరతీరం గారి గ్రాఫ్‌లో మెట్టూ లేదు, రద్దీ వేళా లేదు.

తెగని కేబుల్ కూడా నెమ్మదిగా క్షీణించి ప్యాకెట్లను పోగొట్టదా అని అడగవచ్చు. దీర్ఘదూర వ్యవస్థల్లో ఫార్వర్డ్ ఎర్రర్ కరెక్షన్ ఉంటుంది. దారిలో పాడైన బిట్లను అవతలి కొసలో అదే సరిచేస్తుంది. సిగ్నల్ నాణ్యత కొంత తగ్గినా ప్యాకెట్లను నడిపే ఐపీ పొరకు ఏమీ తెలియదు. ఒక గీత దాటి తగ్గిందంటే లింకు మొత్తం కుప్పకూలుతుంది. వారాల తరబడి కొద్దికొద్దిగా ప్యాకెట్లు పోగొట్టడం సముద్రపు కేబుల్ స్వభావం కాదు. నా అనుభవంలో అలాంటి నష్టం చాలావరకు నేల మీదే దొరికింది. డేటా సెంటర్ లోపల రెండు రౌటర్లను కలిపే ఇరవై మీటర్ల ప్యాచ్ కార్డు అనే ఫైబర్ తీగ, దాని కొసన దుమ్ము పట్టిన కనెక్టర్, వయసైపోయిన ఆప్టిక్ మాడ్యూల్, లేదా రెండు నెట్‌వర్క్‌లు కలిసేచోట చాలని సామర్థ్యం. ఆరు వేల కిలోమీటర్ల సముద్రాన్ని క్షేమంగా దాటిన బిట్ ర్యాకుల మధ్య చిక్కుకుని పోతుంది.

మూడోజాము | మంగళవారం, ఉదయం 6:20

పాతతీగ గారు దారి సుగమం చేశారు. రద్దీ వల్ల ప్యాకెట్లు పోయేటప్పుడు, పోయే ముందు అవి క్యూలో నిలబడతాయి. కనుక నష్టంతోపాటు జాప్యమూ పెరుగుతుంది. జాప్యం కదలకుండా నష్టం మాత్రమే ఉంటే నేను మూడింటిని అనుమానిస్తాను: బిట్ దోషాలు, వేగ పరిమితి దాటినవాటిని క్యూలో పెట్టకుండా పారేసే పోలీసర్, లేదా పాడైన లైన్ కార్డు (రౌటర్‌లో లింకులు తగిలించే బోర్డు).

అసలు ఆధారం మాత్రం దూరతీరం గారి మొదటి పోస్టులోనే ఉంది. ఆపి మళ్ళీ మొదలుపెడితే బాగవుతోందన్నారు. కనెక్షన్ మళ్ళీ మొదలైతే మారేది ఒకటే, మీ వైపు సోర్స్ పోర్ట్ సంఖ్య, అంటే ఆ కనెక్షన్‌కు మీ యంత్రం ఇచ్చుకునే గుర్తు సంఖ్య. రెండు రౌటర్ల మధ్య ఒకే లింకు ఉండటం ఈ రోజుల్లో అరుదు. నాలుగో, ఎనిమిదో లింకులను కట్టగా కట్టి వాడతారు. ఏ ప్యాకెట్ ఏ లింకులో పోవాలన్నది సాధారణంగా రెండు ఐపీ చిరునామాలు, రెండు పోర్టులు, ప్రోటోకాల్ అనే ఐదింటి హ్యాష్ (వాటినుంచి లెక్కగట్టే ఒక సంఖ్య) నిర్ణయిస్తుంది. ఒక కనెక్షన్‌లోని ప్యాకెట్లు వరుస తప్పకుండా ఉండాలని అన్నీ ఒకే లింకులో పోతాయి. కట్టలో ఒక్క లింకు చెడిపోయిందనుకోండి, దానిమీద పడిన కనెక్షన్ మొదటినుంచి చివరిదాకా కుంటుతుంది, మిగతావి హాయిగా సాగిపోతాయి. పింగ్‌కు పోర్టులే లేవు. అది సాధారణంగా ఒకే లింకులో పడుతుంది. ఆ లింకు మంచిదైతే మీరు లక్ష పింగ్‌లు పంపినా నష్టం సున్నాయే. ఐఎస్‌పీ వారు అబద్ధం చెప్పలేదు, కాకపోతే వాళ్ళు చూసింది ఆ ఒక్క లింకునే.

ఇలా పరీక్షించండి. నలభై వేలకు పైన వరుసగా 64 సోర్స్ పోర్టులు తీసుకోండి. ఒక్కొక్కదాని నుంచి వరుస సంఖ్య వేసిన యూడీపీ (పోయినవాటిని మళ్ళీ పంపని ప్రోటోకాల్) ప్యాకెట్లను సర్వర్‌కు పంపి, సర్వర్ వాటిని అలాగే తిప్పి పంపేలా చిన్న స్క్రిప్ట్ రాయండి. వేగం తక్కువగా ఉంచండి. ఎక్కువ వేగంతో పంపితే మీ యంత్రం సాకెట్ బఫర్ నిండి అక్కడే ప్యాకెట్లు పోతాయి, అప్పుడు మీ సొంత నష్టాన్నే కొలిచి ఊళ్ళో వాళ్ళ మీద వేసినట్టవుతుంది.

సరళరేఖ | మంగళవారం, ఉదయం 9:00

దారిలోని హాప్‌లను వరుసగా చూపే ట్రేస్‌రూట్ ఈ పనికి సరిపోదా? అది కూడా యూడీపీతోనే నడుస్తుంది కదా.

మూడోజాము | మంగళవారం, ఉదయం 9:18

సరిపోదు. పాత ట్రేస్‌రూట్ గమ్యం పోర్టును 33434 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ప్రశ్నకు ఒకటి చొప్పున పెంచుకుంటూ పోతుంది. పోర్టు మారితే హ్యాష్ మారుతుంది, హ్యాష్ మారితే లింకు మారుతుంది. మీరు చూసే జాబితాలో ఐదో వరుస ఒక దారిదీ, ఆరో వరుస మరో దారిదీ కావచ్చు. ఈ గందరగోళాన్ని తప్పించడానికే 2006లో పారిస్ ట్రేస్‌రూట్ వచ్చింది. అది హ్యాష్‌కు పనికొచ్చే అంకెలను మార్చకుండా ఉంచుతుంది. అయినా ఒక్కో హాప్ జవాబు తనదైన దారిలో వెనక్కి వస్తుంది కాబట్టి, తిరుగుదారిలో ఉన్న లోపాన్ని అదీ నిర్ధారించలేదు.

అర్ధరాత్రిదీపం | మంగళవారం, మధ్యాహ్నం 12:44

అడ్డు వస్తున్నందుకు మన్నించండి. నాకూ ఇలాంటి ఇబ్బందే ఉంది, కానీ మళ్ళీ మొదలుపెట్టినా ఫలితం లేదు. లాగిన్ పేజీ వరకు వస్తుంది, ఆ తరువాత పెద్దది ఏదీ రాదు. పింగ్ బాగానే ఉంది. మేము టన్నెల్ (ప్యాకెట్‌ను మరో ప్యాకెట్‌లో పెట్టి పంపే దారి) వాడుతున్నాం.

మూడోజాము | మంగళవారం, మధ్యాహ్నం 12:58

మీది వేరే జబ్బు. చిన్న ప్యాకెట్లు అన్నీ పోయి పెద్దవి ఒక్కటీ పోకపోతే అది ఎంటీయూ (దారిలో పట్టే అతిపెద్ద ప్యాకెట్ పరిమాణం) సమస్య. టన్నెల్ తన హెడర్‌కు కొంత చోటు తీసుకుంటుంది. 1500 బైట్ల ప్యాకెట్ అందులో పట్టదు. పట్టలేదని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని దారిలో ఏదో ఫైర్‌వాల్ ఆపేస్తూ ఉంటుంది. ముక్కలు చేయవద్దన్న గుర్తుతో 1472 బైట్ల పింగ్ పంపండి. అది పోకపోతే పోయేదాకా తగ్గించుకుంటూ రండి. ఆ అంకెకు హెడర్ల 28 బైట్లు కలిపితే మీ దారి అసలు ఎంటీయూ తెలుస్తుంది. దాన్ని టన్నెల్ ఇంటర్‌ఫేస్‌కు పెట్టి, టీసీపీ సెగ్మెంట్లు దానికి సరిపడేలా తగ్గించే ఎంఎస్ఎస్ క్లాంపింగ్ చేయండి. ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీని గంపగుత్తగా మూసేసినవారు ఎవరో కనుక్కోవడం ఆ తరువాతి పని.

దూరతీరం | మంగళవారం, రాత్రి 9:35

మూడోజాము గారు చెప్పినట్టే చేశాను. 64 పోర్టులు, ఒక్కొక్కదాని నుంచి 1400 బైట్ల ప్యాకెట్లు 1,000, సెకనుకు 50 చొప్పున పంపాను. మొత్తం ఇరవై ఒక్క నిమిషాలు పట్టింది. స్క్రిప్ట్ ఒక్కో పోర్టు ముగిసినప్పుడల్లా ఒక వరుస అచ్చువేస్తుంది. మొదటి పదకొండు వరుసల్లోనూ సున్నాలే వచ్చేసరికి ఇదీ వృథా ప్రయాసేననుకుని కుర్చీలో వెనక్కి వాలాను. పన్నెండో వరుసలో 104 కనిపించింది.

చివరికి తేలింది ఇది: 57 పోర్టులకు నష్టం సున్నా. 7 పోర్టులకు మాత్రం వెయ్యింటిలో 94 నుంచి 113 వరకు పోయాయి. మధ్యస్థంగా ఉన్నది ఒక్కటీ లేదు, అయితే సున్నా, లేకపోతే దాదాపు పది శాతం. అరగంట తరువాత మళ్ళీ నడిపితే సరిగ్గా అవే ఏడు పోర్టులు వచ్చాయి.

చిన్నప్రశ్న | మంగళవారం, రాత్రి 9:52

64లో 7 అంటే తొమ్మిదింటికి ఒకటి. కట్టలో తొమ్మిది లింకులు ఉన్నాయా?

లెక్కలమారి | మంగళవారం, రాత్రి 10:20

ఎనిమిది ఉండి ఒకటి చెడినా, సగటున 64లో 8 రావాలి. హ్యాష్ సమానంగా పంచిపెట్టే యంత్రం కాదు కాబట్టి 7 రావడంలో వింత లేదు. అయితే దీన్నిబట్టి కట్టలో ఎన్ని లింకులున్నాయో ఖాయంగా చెప్పలేం.

ఇంకొక్క పరీక్ష చేస్తే కారణం కూడా బయటపడుతుంది. ఆ ఏడు పోర్టుల మీదే ఈసారి 100 బైట్ల ప్యాకెట్లు పంపండి. బిట్ దోషం అయితే ప్యాకెట్ ఎంత పొడవుంటే అందులో కనీసం ఒక బిట్ పాడయ్యే అవకాశం అంత ఎక్కువ. ఒక్క బిట్ తప్పినా అవతలి పరికరం ఫ్రేమ్ (లింకు మీద పోయే రూపంలోని ప్యాకెట్) మొత్తాన్ని పారేస్తుంది. హెడర్లతో కలిపి మీ పెద్ద ఫ్రేమ్ సుమారు 1,446 బైట్లు, చిన్నది సుమారు 146 బైట్లు, అంటే పదో వంతు. బిట్ దోషమే కారణమైతే నష్టం కూడా దాదాపు పదో వంతుకు, అంటే 1 శాతం దగ్గరకు దిగిరావాలి. పరిమాణంతో సంబంధం లేకుండా పది శాతం దగ్గరే ఉంటే లైన్ కార్డునో, మరొకదాన్నో అనుమానించాలి. పోలీసర్ సంగతి మరిచిపోవచ్చు, సెకనుకు అర మెగాబిట్ మీద అది చేయి వేయదు.

మూడోజాము | మంగళవారం, రాత్రి 10:41

దానితోపాటే రెండు కొసల్లోనూ, వచ్చీపోయే ప్యాకెట్లను నమోదుచేసే టీసీపీడంప్ నడపండి. మీ నుంచి బయలుదేరినవి ఎన్ని, సర్వర్‌కు చేరినవి ఎన్ని, సర్వర్ నుంచి బయలుదేరినవి ఎన్ని, మీకు చేరినవి ఎన్ని అనే నాలుగు అంకెలు కావాలి. పోయేదారీ వచ్చేదారీ ఒకటే కానక్కరలేదు. ఖండాంతర మార్గాల్లో చాలావరకు ఒకటి కావు కూడా. మీ ప్యాకెట్లు ఎటు పోవాలో మీ ఐఎస్‌పీ నిర్ణయిస్తుంది. సర్వర్ జవాబులు ఎటు రావాలో సర్వర్ వైపు వారి బీజీపీ విధానం నిర్ణయిస్తుంది. నష్టం ఏ దిశలో ఉందో తేలకుండా రాసిన ఫిర్యాదు సగం సార్లు తప్పు తలుపు తడుతుంది.

దూరతీరం | బుధవారం, ఉదయం 11:50

రెండూ చేశాను.

100 బైట్ల ప్యాకెట్లతో అవే ఏడు పోర్టుల్లో నష్టం వెయ్యికి 8 నుంచి 13 వరకు వచ్చింది. లెక్కలమారి గారి అంచనా చేత్తో తీసి పెట్టినట్టుంది.

1400 బైట్లతో ఒక చెడ్డ పోర్టు మీద టీసీపీడంప్ లెక్క ఇలా ఉంది. ఇక్కడినుంచి బయలుదేరినవి 1,000. సర్వర్‌కు చేరినవి 1,000. సర్వర్ నుంచి బయలుదేరినవి 1,000. ఇక్కడికి తిరిగి చేరినవి 897. మిగతా ఆరు పోర్టులదీ ఇదే తీరు. నష్టమంతా తిరుగుదారిలోనే ఉంది. సర్వర్ నుంచి మా వైపు ఎంటీఆర్ నడిపి చూస్తే మొదటి ఐదు హాప్‌లు నేను ఎన్నడూ చూడని మరో నెట్‌వర్క్‌వి. నేను ఫిర్యాదు చేస్తూ వచ్చిన తొమ్మిదో హాప్ ఆ దారిలోనే లేదు.

మూడు వారాలు మా ఐఎస్‌పీ సహాయక బృందంతో వాదించాను. ఒక మెయిల్‌లో కాస్త కటువుగా కూడా రాశాను. వారికి క్షమాపణ రాయాలి.

సరళరేఖ | బుధవారం, మధ్యాహ్నం 12:15

తొమ్మిదో హాప్ విషయంలో నేను పొరపాటు పడ్డాను. క్షమాపణలో నా పేరు కూడా కలుపుకోండి.

పాతతీగ | బుధవారం, మధ్యాహ్నం 1:30

ఇప్పుడు ఫిర్యాదు సర్వర్ అద్దెకిచ్చిన సంస్థకు వెళ్ళాలి. దాన్ని చదివేవారికి పని తేలికయ్యేలా రాయండి. "నెట్ నెమ్మదిగా ఉంది" అని ఎక్కడా రాయవద్దు. సోర్స్, గమ్యం చిరునామాలు, చెడ్డ పోర్టులు ఏడు, పోల్చుకోవడానికి మంచి పోర్టులు ఏడు, పరీక్ష జరిగిన సమయం యూటీసీలో, దిశ, ప్యాకెట్ పరిమాణాన్నిబట్టి మారిన నష్టం, ఇవి చాలు. కొన్ని రౌటర్లలో ఫలానా చిరునామాలు, పోర్టులు ఉన్న ప్యాకెట్ కట్టలో ఏ లింకుకు పోతుందో చెప్పే ఆదేశం ఉంటుంది. మీరు పోర్టులు ఇస్తే వాళ్ళు లింకును నేరుగా పట్టుకోగలరు. ఇంకొక సంగతి, ఫ్రేమ్ దోషాల కౌంటర్ పంపే కొసలో పెరగదు, అందుకునే కొసలోనే పెరుగుతుంది. పంపే వైపు మాత్రమే చూసి అంతా బాగుందని బదులిచ్చేవాళ్ళు ఉంటారు. రెండు కొసలూ చూడమని మర్యాదగానే అడగండి.

దూరతీరం | శుక్రవారం, సాయంత్రం 6:05

నిన్న ఉదయం పంపిన ఫిర్యాదుకు ఈ మధ్యాహ్నం జవాబు వచ్చింది. సర్వర్ ఉన్న డేటా సెంటర్‌లోనే, వారి రౌటర్‌కూ వారికి ఇంటర్నెట్ అందించే అప్‌స్ట్రీమ్ సంస్థ రౌటర్‌కూ మధ్య ఎనిమిది 10 గిగాబిట్ లింకుల కట్ట ఉందట. అందులో ఆరో లింకు అందుకునే కొసలో సీఆర్‌సీ దోషాలు (పాడై వచ్చిన ఫ్రేమ్‌ల లెక్క) పెరుగుతూ కనిపించాయట. సగటు గ్రాఫ్‌లలో కట్ట మొత్తం బాగానే కనిపించడం వల్ల ఎవరి దృష్టికీ రాలేదని రాశారు. ఆ లింకును కట్ట నుంచి తప్పించి, కనెక్టర్ శుభ్రం చేసి, ప్యాచ్ కార్డు మార్చి మళ్ళీ చేర్చారు.

నేను వెంటనే ఆ ఏడు పోర్టులు పరీక్షించబోతుంటే మూడోజాము గారు విడిగా సందేశం పంపి ఆపారు. లింకును తీసి మళ్ళీ చేర్చినప్పుడు ఏ పోర్టు ఏ లింకుకు పోతుందన్న పంపకం మారిపోయి ఉండవచ్చని, అందుకని పాత ఏడింటినే చూస్తే మోసపోతానని అన్నారు. 64 పోర్టులనూ మొదటినుంచి నడిపాను. 64,000 ప్యాకెట్లలో ఒక్కటి కూడా పోలేదు.

లెక్కలమారి | శుక్రవారం, సాయంత్రం 6:30

అన్ని లింకులనూ కలిపి సగటున చూస్తే, నష్టం 0.005 శాతం లోపే ఉందని 95 శాతం నమ్మకంతో అనవచ్చు. ఆరో లింకుకు విడిగా చెప్పాలంటే దానిమీద పడ్డవి సుమారు 8,000 ప్యాకెట్లే కనుక హద్దు 0.04 శాతం దగ్గర ఆగుతుంది. మీ 160 మిల్లీసెకన్ల దారికి అది ఇంకా చాలదు. ఈ రాత్రికి స్క్రిప్ట్‌ను ఆపకుండా వదిలేయండి.

దూరతీరం | శనివారం, ఉదయం 8:10

రాత్రంతా నడిపాను. సుమారు 18 లక్షల ప్యాకెట్లలో పోయినవి 3, మూడూ వేరువేరు పోర్టులవి, వేరువేరు గంటల్లోవి. డౌన్‌లోడ్‌లు ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సిన అవసరం నిన్న సాయంత్రం నుంచి రాలేదు. అలవాటు చొప్పున ఎంటీఆర్ కూడా ఒకసారి నడిపి చూశాను. తొమ్మిదో హాప్ దగ్గర 12 శాతం అలాగే ఉంది.